గ్యాంగుకో బొమ్మ

చిన్నతల్లి కుంచె పట్టిన కథ చెప్పాలంటే ముందు ఆమె మొగుడు పోలయ్య కాళ్ళ కథ చెప్పాలి. కాళ్ళకి కథేమిటని నవ్వకండి, వింటే మీకే తెలుస్తుంది.

పోలయ్య బిలాస్‌పూర్‌లో గ్యాంగుమన్. అంటే రైలు పట్టాలు సరిచేసే జట్టులో మనిషి. శ్రీకాకుళం నుంచి తాత వచ్చి ఈ పనిలో చేరాడు, తండ్రి చేశాడు, పోలయ్యా అదే చేశాడు. ఒక్కో గ్యాంగుకి ఇంత మేర పట్టా అని పంచి ఇస్తారు. ఎండైనా వానైనా ఆ మేర మీదే వాళ్ళ బతుకు. కంకర ఎగదోయాలి, పట్టాల కింది స్లీపర్లు సర్దాలి, విజిలు వినబడగానే సామాను లాక్కుని పట్టా దిగిపోవాలి, రైలు పోయాక మళ్ళీ ఎక్కాలి. ఏ పక్కకి దిగాలా అని ఎవడూ ఆలోచించడు. అంత వ్యవధి రైలు ఇస్తుందా? ఏళ్ళ తరబడి ఒకే చోట చేసినవాడికి కాళ్ళే దిగిపోతాయి. పోలయ్య కాళ్ళకి తూర్పు అలవాటు.

ఒకరోజు వేరే గ్యాంగులో మనిషి తక్కువయ్యాడని పోలయ్యని అక్కడికి పంపారు. అక్కడ పట్టా ఒక గుట్టని తొలుచుకుని వంపు తిరుగుతుంది. తూర్పు పక్క నిలువునా రాతిగోడ, ఆనుకుని నిలబడ్డానికి జానెడు చోటు లేదు. దిగితే పడమటికే దిగాలి. విజిలు మోగింది. అందరూ పడమటికి దిగారు. పోలయ్య కాళ్ళు మాత్రం వాటి అలవాటు ప్రకారం తూర్పుకి దిగాయి.

తప్పెవరిదంటే ఏం చెప్పను? విజిలు వేసినవాడు వేళకే వేశాడు. పొద్దున్నే మేట్, అంటే గ్యాంగు పెద్ద, అందరికీ చెప్పనే చెప్పాడు. చెవి విన్న మాట కాలికి చేరలేదు, అంతే. ఆ కాళ్ళ మీద కోపం తెచ్చుకుందామన్నా చిన్నతల్లికి ఆ కాళ్ళు కూడా మిగల్లేదు.

డ్యూటీలో మనిషి పోతే పెళ్ళానికి కొలువివ్వడం రైల్వేలో ఆనవాయితీ. అలా చిన్నతల్లిని ఇంజనీరింగ్ ఆఫీసులో ఖలాసీగా వేసుకున్నారు. ఖలాసీ అంటే ఏ పని చెబితే ఆ పని. ఆమెని పెయింటర్ శంకరరావు దగ్గర పడేశారు. గేటు దగ్గర హెచ్చరిక పలకలు, వంతెన మీద అంకెలు, ఇవన్నీ శంకరరావు చేతి మీదే నడిచేవి. మొదట్లో డబ్బాలు కడగడమూ, రేకు మీద తుప్పు గీకడమూ చిన్నతల్లి పని. ఓ వేసవిలో ముసలాయనకి చెయ్యి వణకడం మొదలైంది. "నువ్వట్టుకోయే, నాను సెప్తాను" అని కుంచె ఆమె చేతిలో పెట్టాడు. పట్టుకుంది. ఇక వదల్లేదు. ఆయన రిటైరై వెళ్ళిపోయినా కొత్త పెయింటర్ని ఎవరూ వెయ్యలేదు. కాగితం మీద ఖలాసీ, నోటిమాటకి పెయింటరమ్మ. మన ఆఫీసులు అలాగే నడుస్తాయి కదా!

ఆమె సొంతంగా వేసిన మొదటి బొమ్మ ఆ గుట్ట వంపుదే. ఎవరూ వెయ్యమనలేదు. ఓ పాత రేకు తీసుకుని దాని మీద పట్టా వంపు గీసింది. తూర్పున రాతిగోడకి ఎర్రరంగు పులిమింది. పడమట దిగే చోటుకి పచ్చరంగు వేసి, అందులో తలపాగా కట్టిన మనుషుల్ని నిలబెట్టింది. ఒక్క అక్షరం రాయలేదు. రాస్తే చదివేదెవరు? ఆ గ్యాంగులో చదువుకున్నవాళ్ళు లేరు, ఆమెకీ రాదు. ఆ రేకు మోసుకెళ్ళి గ్యాంగువాళ్ళ సామాన్ల గుడిసెలో తగిలించింది. ఛత్తీస్‌గఢీ మేట్ దాని ముందు నిలబడి, "దాయీ, అమ్మా, ఇలాంటిది మా దగ్గర ఆనాడు ఉండి ఉంటే" అని మొదలుపెట్టి మధ్యలో ఆపేశాడు. 

ఆ పక్క గ్యాంగువాళ్ళు మాకూ కావాలన్నారు. వాళ్ళని చూసి ఇంకో గ్యాంగు. ప్రతి గ్యాంగు మేరా వేరు కదా! ఒకచోట వంతెన, ఒకచోట లోయ, ఒకచోట మలుపులో అడ్డంగా చెట్లు. ఒకళ్ళ బొమ్మ ఇంకొకళ్ళకి పనికిరాదు. ప్రెస్సులో అచ్చేయిస్తే అందరికీ ఒకటే బొమ్మ వస్తుంది, అది ఎవరికీ పనికిరాదు. అందుకని చిన్నతల్లి పట్టాల మీద తోసే ట్రాలీ మీద కూర్చుని వెళ్ళి, ఆ చోటు కళ్ళారా చూసి, వచ్చి రేకు మీద వేసేది. కొత్తగా వచ్చిన అసిస్టెంట్ ఇంజనీరు సత్యనారాయణమూర్తి గారు, రాజమండ్రి మనిషి, ఒక గుడిసెలో ఈ రేకు చూసి ముచ్చటపడి, "ప్రతి గ్యాంగుకీ ఇలాంటిది ఉండాలమ్మా" అని ఆర్డరేశారు.

ఆర్డరెయ్యడం తేలికే. చిన్నతల్లి ఎంత రెక్కలు ముక్కలు చేసుకున్నా పని అడుగు లేని కుండలో నీళ్ళు పోసినట్టే ఉండేది. ఒకటి వేసి తగిలించి వచ్చేలోపు ఇంకెక్కడో గుడిసెలోకి వాన కొట్టి రేకు తుప్పు పట్టేది. గుమ్మంలోంచి పడే ఎండకి ఎర్రరంగు వెలిసి గులాబీ అయ్యేది. ఎర్రరంగు గులాబీ అయితే భయం ఎక్కడుంటుంది? పైగా పట్టా జరిపినచోట పాత బొమ్మ అబద్ధమైపోయేది. లైను చివరనున్న గ్యాంగుల దాకా ఆమె ఏనాడూ చేరలేదు. ఎక్కడో ఎవడో చోటుకి కొత్తవాడు పాత అలవాటుకొద్దీ దిగాడని కబురొచ్చిన రోజున ఆమెకి అన్నం సయించేది కాదు. ఆ గ్యాంగుకి తన బొమ్మ అందలేదన్నదే ఆమె బాధ.

తొంభై ఆరు ఎండాకాలంలో ఒక సాఫ్ట్‌వేర్ వచ్చింది. వచ్చిందంటే కొన్నారని కాదు. ఆఫీసులో ఒక కంప్యూటర్ అప్పటికే ఉంది. దాని మీద టైపు కొట్టడం తప్ప ఎవరూ ఏమీ చేసేవారు కాదు. డ్రాయింగ్ సెక్షన్‌లో జ్యోతిర్మయి అని ఒక పిల్ల ఉండేది. మన రైల్వే తెలుగువాళ్ళ అమ్మాయే. సర్కండా నుంచి అర్పా నది వంతెన మీదుగా స్కూటీ మీద వచ్చేది. తెలుగు మాట్లాడుతూ మాట్లాడుతూ సగంలో హిందీలోకి దూకేది. తెలుగు చదవమంటే మాత్రం నీళ్ళు నమిలేది. ఆ పిల్ల సదర్ బజార్‌లో ఒక షాపులో బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ నేర్చుకుంది. చూడ్డానికని ఆ షాపువాడి దగ్గర్నుంచి కొన్నాళ్ళ కోసం తెచ్చి కంప్యూటర్లో ఎక్కించింది. ఎక్కించి, "పిన్నీ, ఇధర్ ఆవో, ఒక తమాషా చూపిస్తా" అని చిన్నతల్లిని పిలిచింది.

చేతికి రంగుతోనే వచ్చి, బల్లకి దూరంగా నిలబడింది చిన్నతల్లి. తెర మీద ఒక నల్లగీత ఉంది. జ్యోతిర్మయి ఆ గీత నడుమున బాణం గుర్తు పెట్టి లాగింది. గీత వంగింది. లాగిన కొద్దీ వంపు తిరిగింది. అచ్చం పట్టా తిరిగినట్టే, ఎక్కడా కోణం పడకుండా.

"ఓలమ్మా!" అంది చిన్నతల్లి. "మల్లీ లాగు."

మళ్ళీ లాగింది. ఇటు వంగింది, అటు వంగింది. ఒక వంపు సరిగ్గా రావడానికి తను రేకు మీద ఎన్నిసార్లు గీసి ఎన్నిసార్లు చెరిపిందో చిన్నతల్లికే తెలుసు. ఆ కుర్చీ పట్టుకుని అక్కడే నిలబడిపోయింది. జ్యోతిర్మయి ఒక మనిషి బొమ్మ గీసి, ఏదో నొక్కితే పక్కన ఇంకో మనిషి వచ్చాడు, ఆ పక్కన ఇంకొకడు. గోడకి ఎర్రరంగు పోసింది. పొయ్యడమంటే పొయ్యడమే. చుక్క అంటించగానే గోడంతా ఎర్రబడింది. ఆ పిల్ల ఏదో పొరపాటు చేస్తే, గోడే కాకుండా పట్టా కూడా ఎర్రగా అయిపోయింది. "అరే" అని నాలిక్కరుచుకుని ఒక మీట నొక్కింది. పట్టా ముందులాగే నల్లగా అయిపోయింది.

"అదేటది?" అంది చిన్నతల్లి, గొంతు తగ్గించి. "ఏటి సేసినావు?"

"వాపస్ తీసుకున్నా పిన్నీ. తప్పు చేస్తే ఇది నొక్కితే చాలు, ఆ తప్పు అసలు చెయ్యనట్టే."

"సెయ్యనట్టేనా?"

"హా. అసలు జరగనట్టే."

చిన్నతల్లి కుర్చీ వదిలింది. బయట నీళ్ళకుండ దగ్గరికి వెళ్ళి మొహం కడుక్కుంది. ఒక్క అడుగు వెనక్కి తీసుకునే మీట పోలయ్యకి ఉంటే ఎంత బాగుండేదని గుండెలు అవిసేలా ఏడ్చింది. ఏడ్చి, కొంగుతో తుడుచుకుని, మళ్ళీ లోపలికొచ్చి, "ఏదీ, వొంతెన గియ్యి సూద్దాం" అంది.

ఆ సాయంత్రం క్వార్టర్లో అత్త అప్పయమ్మకి ఇదంతా చెప్పింది. అప్పయమ్మ కాకరకాయలు తరుగుతూ వింది.

"గీత దానంతటదే వొంగిపోతాదేటే?"

"లాగితే వొంగుతాదత్తా. ఒకపాలి బొమ్మేస్తే చాలు, వొంపు మార్చుకుంటా పోతే ఎన్ని గేంగులకైనా అయిపోతాయి. ఆన పడితే మల్లీ అచ్చు తీసుకోడమే. పలాస్టిక్ తొడుగు కూడా ఏస్తారట."

"అచ్ఛా! అయితే మరి నువ్వేటి సేస్తావు?"

చిన్నతల్లి బియ్యం కడిగి ఎసట్లో పోసింది.

"నాను పిచ్చిదాన్ని కానే. ఆవిరింజన్లు పోయి డీజిల్ వొచ్చినప్పుడు మీ సిన్నమావ బొగ్గు ఎత్తే కొలువేటైనాదో నాకు తెల్దా? మిసనొస్తే మడిసి పోతాడు. కూకున్న కొమ్మని నరుక్కుంతావేటి?"

అప్పయమ్మ మాటలో ఉత్త చాదస్తం లేదు. ఆఫీసులో పద్ధతే అది. ఏదైనా కొనాలంటే ఎందుకు కావాలో కాగితం పెట్టాలి, దాన్ని జస్టిఫికేషన్ అంటారు. ఆ కాగితంలో ఒక గడి ఉంటుంది, ఈ సామాను వస్తే ఎవరి పోస్టు మిగులుతుంది అని. మిగులుతుందంటే పెరుగుతుందని కాదు, తీసేస్తారని. సత్యనారాయణమూర్తి గారు సాఫ్ట్‌వేర్ చూసి పొంగిపోయి ఆ రోజే కాగితం రాయించారు గానీ, ఆ గడి దగ్గరికొచ్చేసరికి పెన్ను ఆపి, "దీని సంగతి తర్వాత చూద్దాంలే" అని ఖాళీగా వదిలేశారు. చిన్నతల్లి ఎదురుగానే వదిలేశారు. ఆమెకి చదువు రాకపోయినా ఆ ఖాళీ గడి ఎవరిదో తెలుసు.

కాగితం అకౌంట్స్‌కి వెళ్ళింది, గోడకి కొట్టిన బంతిలా తిరిగొచ్చింది. అక్కడ పెద్దాయన పాఠక్ గారు. మంచివాడే గానీ ఎంగిలిచేత్తో కాకిని తోలడు. తన ఇంట్లో తోలకపోతే పోనీ, రైల్వే కాకినీ తోలనివ్వడు. పని వేగం పెరుగుతుందని రాస్తే, ఇప్పుడు ఆగిందా అని అడిగాడు. కొత్త కాలం వచ్చిందని రాస్తే, కాలం రావడానికి మంజూరు అక్కర్లేదన్నాడు. చివరికి, చేత్తో చక్కగా జరిగే పనికి ఈ హంగంతా ఎందుకో తను కళ్ళారా చూస్తానని కబురు పెట్టాడు.

ఆ కబురు రాగానే సత్యనారాయణమూర్తి గారు చిన్నతల్లిని పిలిచారు. పాపం, ఏం చెప్పాలో తెలియక అద్దాలు తుడుచుకున్నారు.

"అమ్మా, ఆయన ముందర నువ్వు రేకు మీద వేస్తావు, జ్యోతిర్మయి కంప్యూటర్ మీద వేస్తుంది. ఏది ముందు అవుతుందో చూస్తాడు. నువ్వు కాస్త నిదానంగా వెయ్యి."

"నిదానంగా అంటే ఏటి బావూ?"

"అంటే, మధ్యలో కాస్త ఆగు. మంచినీళ్ళు తాగు. కంప్యూటర్ గెలిస్తేనే మనకి మంజూరవుతుంది."

"అలాగే బావూ" అంది చిన్నతల్లి. మనస్ఫూర్తిగానే అంది. ఆ పిల్ల గెలవాలని ఆమె ఆ శనివారం ఆంజనేయుడికి కొబ్బరికాయ కూడా కొట్టింది. తను ఓడిపోవాలని దేవుడికి మొక్కుకున్న మనిషిని మీరెక్కడైనా చూశారా? నేనైతే ఈవిణ్ణే చూశాను.

పాఠక్ గారు గొడుగేసుకుని వచ్చారు. డ్రాయింగ్ సెక్షన్‌లో ఒక పక్క జ్యోతిర్మయి కంప్యూటర్ ముందు, ఇంకో పక్క చిన్నతల్లి నేలమీద రేకు పరుచుకుని. సెక్షన్లో ఉన్నవాళ్ళంతా గుమ్మం దగ్గర మూగారు. గోడకి లైను పటం ఉంది. ఏ చోటు వెయ్యాలో మీరే చెప్పండి సాబ్ అన్నారు సత్యనారాయణమూర్తి గారు. పాఠక్ గారు పటం దగ్గరికి వెళ్ళి, ఎటూ చూడకుండా వేలు పెట్టారు.

ఆ వేలు గుట్ట వంపు మీద పడింది.

కావాలని కాదు, ఆయనకేం తెలుసు? గుమ్మంలో ఎవరో "అయ్యో రామ్" అన్నారు. ఆ బొమ్మ చిన్నతల్లి ఎవరూ అడక్కుండానే ఏటేటా కొత్త రంగులతో వేసి తగిలించి వస్తుంది. కళ్ళు మూసినా వేస్తుంది. చేతిలో కుంచె పడిందా, ఆమెకి సారు చెప్పిన మాట లేదు, మొక్కిన కొబ్బరికాయ లేదు. ఆ రాతిగోడే కనబడింది. మంచినీళ్ళు పక్కనే ఉన్నాయి, ముట్టుకోలేదు. అవతల జ్యోతిర్మయి మొదట్నుంచీ గియ్యాలి కదా, గుట్టా, గోడా, మనుషులూ. మధ్యలో కంప్యూటర్ బిగుసుకుపోయింది, మళ్ళీ మొదలుపెట్టింది. ఆ పిల్ల మనుషులకి తలపాగాలు చుడుతూ ఉండగానే చిన్నతల్లి కుంచె దులిపి పక్కన పెట్టేసింది.

పాఠక్ గారు వంగి ఆ రేకు చూశారు. తడి రంగులో ఆ గోడ మనిషి మీదికి వస్తున్నట్టే ఉంది. "వాహ్ బాయీ!" అన్నారు నిజంగా. "ఇంత చెయ్యి మీ దగ్గర పెట్టుకుని కంప్యూటర్ అడుగుతారా?" అని గొడుగు తీసుకున్నారు.

జ్యోతిర్మయికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "పిన్నీ, యే క్యా కియా ఆప్‌నే! నెమ్మదిగా వెయ్యమన్నారు కదా!" సత్యనారాయణమూర్తి గారు కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డారు.

చిన్నతల్లికి అప్పుడు తెలివొచ్చింది. గెలిచేసింది!  తన గెలుపు కింద ఎన్ని గ్యాంగులు బొమ్మ లేకుండా పోతాయో ఆమె కళ్ళముందు కనబడింది. లేచి, గుమ్మానికి అడ్డంగా నిలబడింది. అంత పెద్ద ఆఫీసరుకి అడ్డంగా! తనకొచ్చిన బజారు హిందీలో గట్టిగా అంది.

"సాబ్, ఎల్లకండి. అది మా ఆయన సచ్చిపోయిన చోటు. ఆ బొమ్మ నాను ఇన్నేళ్ళూ ఏస్తనే ఉన్నాను. అది గెలుపు కాదు. ఆ పక్క గేంగుది ఎయ్యమనండి."

పాఠక్ గారు ఆగిపోయారు. గొడుగు మళ్ళీ గోడకి ఆనించారు.

చిన్నతల్లి కొత్త రేకు పరుచుకుంది. కుంచె ముంచుతూనే జ్యోతిర్మయికి చెప్పసాగింది. "గుంటా, ఇను. ఆ పక్క గేంగులో గుట్ట లేదు, తీసెయ్యి. వొంపు ఇటు కాదు, అటు లాగు. నడుమ సిన్న వొంతెన. దిగే సోటు తూరుపున." ఆ పిల్ల లాగింది, తీసేసింది, పెట్టింది. మనుషులు అప్పటికే గీసి ఉన్నారు, వాళ్ళని పట్టుకొచ్చి తూర్పున నిలబెట్టింది. పక్కనున్న రంగుల ప్రింటరు గీకుతూ గీకుతూ కాగితాన్ని బయటికి తోసింది. చిన్నతల్లి ఇంకా పట్టాలు వేస్తోంది.

"ఇంకోటి!" అంది చిన్నతల్లి, తన రేకు వదిలేసి. "ఆ పై గేంగు. లోయ ఉంటాది, రెండు పక్కలా ఎరుపు పొయ్యి. మడుసులు ఎనక్కి నడిసొచ్చి ఈ రాయికాడ దిగాల."

ఇంకో కాగితం వచ్చింది. చిన్నతల్లి కొత్త రేకు మీద తుప్పు కూడా గీకలేదు.

"ఇంకోటి!"

గుమ్మంలో వాళ్ళంతా లోపలికి వచ్చేశారు. కాగితాలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. ప్రతి దాంట్లోనూ వేరే వంపు, వేరే ఎరుపు, వేరే పచ్చ. చిన్నతల్లి ఎప్పుడో కుంచె కింద పెట్టేసింది. ప్రింటరు ముందు రెండు చేతులూ చాపి నిలబడి, వచ్చిన కాగితాన్ని వచ్చినట్టే అందుకుంటూ, నవ్వుతోంది. ఆమె అలా నవ్వడం ఆ ఆఫీసులో ఎవరూ చూసి ఉండలేదు. ఒక్కో కాగితం ఒక్కో గ్యాంగు! తను ట్రాలీ మీద ఎండలో పడి తిరిగిన బతుకంతా, తడి ఆరని కాగితాలై చేతుల్లోకి వచ్చి పడుతోంది. "సూడండి సాబ్, సూడండి" అని ఒక్కొక్కటీ పాఠక్ గారి మొహం ముందు పెట్టింది. "నాను ఓడిపోనాను. సూసినారా? సిత్తుగా ఓడిపోనాను!"

పాఠక్ గారు అద్దాలు తీసి చేత్తో పట్టుకున్నారు. "మాన్ గయే" అన్నారు. ఒప్పేసుకున్నాను అని.  ఆ తర్వాత గొంతు సవరించుకుని, ఫైలు తెప్పించుకుని, తిరగేసి, ఖాళీ గడి దగ్గర ఆగారు.

"ఇది నింపలేదు మూర్తి గారూ."

"అది తర్వాత..."

"తర్వాత కాదు. ఇది నిండకుండా నేను సంతకం పెట్టలేను. పెట్టినా పైన ఆపేస్తారు. ఎవరి పోస్టు?"

 సత్యనారాయణమూర్తి గారు నేలచూపులు చూశారు. జ్యోతిర్మయి మౌస్ వదిలేసి రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంది.

"నాదే కదా బావూ" అంది చిన్నతల్లి తెలుగులోనే. "ఇంకెవరిది? రాసీండి."

"అమ్మా, నువ్వు ఆలోచించుకో. పోస్టు పోయినవాళ్ళని సర్‌ప్లస్‌లో ఎక్కడ పడేస్తారో నా చేతిలో ఉండదు."

"ఏటాలోసించాల? నాకు కుంచె ఇట్టమే. శానా ఇట్టం. అది ఒగ్గీడానికి పేణం ఒప్పట్లేదు, అబద్దమెందుకు? కానీ నాను కుంచె అట్టుకుని కూకుంటే గేంగుకో బొమ్మ ఏ జన్మకీ అవదు. రాసీండి బావూ, మల్లీ నా మనసు మారిపోతాది."

సత్యనారాయణమూర్తి గారు రాశారు. వంకరగా రాశారని తర్వాత జ్యోతిర్మయి చెప్పింది.

సాఫ్ట్‌వేర్ వచ్చింది. ఆ వానలు ముగిసేలోపు ప్రతి గ్యాంగు గుడిసెలోనూ ప్లాస్టిక్ తొడుగుతో బొమ్మ వెలిసింది. చిన్నతల్లి అడుగు పెట్టని చివరి గ్యాంగుల్లో కూడా. జ్యోతిర్మయే చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని ట్రాలీ ఎక్కి వెళ్ళి చూసి వచ్చి గీసింది. చిన్నతల్లిని ఆఫీసులోనే ప్యూనుగా వేయించాలని సత్యనారాయణమూర్తి గారు నానా తంటాలు పడ్డారు గానీ, ఖాళీ లేదు. ఖాళీ ఎక్కడుందంటే గ్యాంగులో ఉంది. కాగితం మీద ఖలాసీ కదా, పంపేశారు. లైను చివర, ఆమె ఎన్నడూ చూడని మేరకి. పొద్దున్నే పాసింజర్ ఎక్కి వెళ్ళాలి, చీకటి పడేవేళకి రావాలి.

"నాను సెప్పలేదేటే?" అంది అప్పయమ్మ.

"సెప్పినావత్తా" అంది చిన్నతల్లి, రొట్టెలు మూట కట్టుకుంటూ.

మొదటిరోజు సామాన్ల గుడిసెలో అక్కడి ఛత్తీస్‌గఢీ మేట్ కొత్తవాళ్ళని గోడమీది బొమ్మ ముందు నిలబెట్టాడు. ఆమె ఎవరో అతనికి తెలియదు. "దాయీ, ఇది చూడు. ఎరుపు ఉన్నవైపు చచ్చినా దిగకు. పచ్చవైపు దిగాలి. వేలు పెట్టి చూపించు" అన్నాడు. చిన్నతల్లి వేలు పెట్టి చూపించింది. తను వేసిన బొమ్మ కాదు. తను చూడని వంపు, తను చూడని గోడ. గీత ఎంత నున్నగా తిరిగిందో! "ఇది కంప్యూటర్ వేసింది, తెలుసా?" అన్నాడు మేట్ గొప్పగా.

"అచ్ఛా!" అంది చిన్నతల్లి. వేళాకోళానికి కాదు, ఆ ఆశ్చర్యం ఆమెకి ఇంకా తీరలేదు.

పొద్దెక్కేసరికే ఎండ మండిపోతోంది. మలుపులో కంకర తట్ట మోస్తోంది. తూర్పు పక్క కొండనీడ చల్లగా పట్టా అంచు దాకా పరుచుకుని ఉంది. పొద్దుట్నుంచీ ఆమె ఒళ్ళు ఆ నీడనే కోరుకుంటోంది. అప్పుడు విజిలు మోగింది. వెంటనే ఇంకోసారి, గట్టిగా. తట్ట వదిలేసింది. కాళ్ళు నీడవైపు తిరిగాయి. తిరిగిన కాళ్ళకి ఎదురుగా కొండరాయి కాదు, ఎర్రరంగు కనబడింది. ఆలోచించలేదు. ఆలోచించేంత వ్యవధి రైలు ఇవ్వదు. వెనుదిరిగి, పట్టాలు దాటి, ఎండలోకి, పడమటికి దిగింది.

రైలు వచ్చింది. బొగ్గు లోడుతో, నేలంతా అదురుతూ, ఎదుటి కొండనీడని అంచుదాకా నింపేస్తూ పోయింది. పోతూనే ఉంది. చిన్నతల్లి ఒడ్డున నిలబడి తన పాదాల వైపు చూసుకుంది. రెండూ ఉన్నాయి, దుమ్ముకొట్టుకుని. ఎవరి పాదాలనో చూసినట్టు, అపురూపంగా చూసుకుంది.

దుమ్ము అణిగాక మేట్ వరసగా పేర్లు పిలిచాడు. ప్రతి రైలుకీ పిలుస్తాడు, అది అతని పద్ధతి. ఒక్కొక్కరే "ఉన్నా", "ఉన్నా" అంటున్నారు.

"చిన్నతల్లీ?"

ఆమె ఇంకా పాదాలే చూసుకుంటోంది. మేట్ కంగారుగా తల తిప్పి ఇంకోసారి పిలిచాడు.

"ఉన్నాను" అంది. "ఉన్నాను బావూ, ఉన్నాను."

ఒకసారి చెబితే చాలు కదా అని నవ్వి, మేట్ పక్క పేరు పిలిచాడు.